తుస్సుమన్న తూటా: పాత రైఫిల్‌కి చేత్తో నింపిన తూటాలు పేలకపోతే తప్పు పట్టుకునే పద్ధతి

పొద్దున్న అయిదున్నరకి ఫోన్ మోగితే మా ఆవిడకి గుండె గుభేలుమంటుంది. ఆ రోజు మోగింది ఐడహోలో ఉన్న మేనల్లుడి ఫోను. అక్కడ అప్పటికి ఇంకా ముందురోజు సాయంత్రం ఆరే.

"మామయ్యా, ఇరవై కొడితే ఏడు తుస్సుమన్నాయి. కొత్త ప్రైమర్లు కొనమంటావా?"

"ఏదీ కొనకురా. ఆ ఏడూ పారేశావా, ఉంచావా?"

ఉంచాడు. అదే మా అదృష్టం. తూటా అంటే ఇత్తడి కేసు, అందులో మందు, మూతిన బుల్లెట్, అడుగున తుపాకీ పిన్ దెబ్బకి పేలి మందుని అంటించే ప్రైమర్. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయుధాల గదిలోనే గడిపి రిటైరయ్యాను. ఉండేది మర్రిపాలెం. ఎన్‌ఏడీ కొత్తరోడ్డులో రోజూ బస్సెక్కేవాళ్ళు చాలామందికి ఆ ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని తెలియదు. ఆ గదిలో నేర్చుకున్నది ఒకటుంది. పేలని తూటా తనకేం జరిగిందో తన అడుగుమీదే రాసుకుని ఉంటుంది. అది చదవకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బూ పోతుంది, తప్పూ దొరకదు. తర్వాత మూడు వారాలు ఫోటోలు, వీడియో కాల్స్‌తో మేమిద్దరం పట్టుకున్న పద్ధతే ఇది.

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. లైసెన్సు తుపాకీ ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకోకూడదు. వేట సంగతి 1972 వన్యప్రాణి చట్టం చూసుకుంటుంది. అమెరికాలో అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి నింపుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, ఆ పనిముట్లు మామూలు షాపుల్లోనే దొరుకుతాయి. కాబట్టి కింద రాసినదంతా అక్కడున్న మనవాళ్ళ కోసం. విశాఖలో కూర్చుని చదివేవాళ్ళు తెలుసుకోవడం వరకే.

మావాడి రైఫిల్ ఎం1917 ఎన్‌ఫీల్డ్. మొదటి ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో తయారైంది. తర్వాత ఎవరో కర్ర సన్నగా చెక్కించి, టెలిస్కోపు పెట్టించి వేట తుపాకీగా మార్చారు. తూటా .30-06.

పేలనప్పుడు ఆ నిమిషం

దీపావళికి చిన్నప్పుడు అందరం చేసిన తప్పు ఉంది కదా. వత్తి ఆరిపోయిందనుకుని టపాకాయ మీదకి వంగుతాం, అప్పుడది పేలుతుంది. తూటా కూడా అంతే. పిన్ దెబ్బ పడ్డాక కాస్త ఆలస్యంగా మందు అంటుకోవచ్చు. అందుకని ట్రిగ్గర్ నొక్కినప్పుడు టిక్కుమని ఊరుకుంటే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు కదలకుండా ఉండాలి. నేనైతే పూర్తి నిమిషం చెబుతాను. ఆ నిమిషం తూటా వెనక మూసుకునే బోల్ట్ తెరవకూడదు, గొట్టం తిప్పకూడదు, పక్కవాడికి చూపించకూడదు.

టిక్కుమనడం వేరు, టప్పుమనడం వేరు. రోజూ వచ్చే మోత కాకుండా చిన్నగా టప్పుమని, భుజానికి తన్ను తగలకపోతే ప్రైమర్ పేలింది, మందు సరిగా అంటుకోలేదని అర్థం. అప్పుడు బుల్లెట్ బారెల్‌లోకి వెళ్ళి ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా కాలిస్తే బారెల్ చీలిపోతుంది. నిమిషం ఆగి, బోల్ట్ తీసి పక్కన పెట్టి, వెనకనుంచి వెలుతురు చూసి, శుభ్రపరిచే కడ్డీ ఒకసారి దూర్చి, దారి ఖాళీగా ఉందని తేలాకే ఆ రైఫిల్ మళ్ళీ చేతిలోకి.

టిక్కు రకానికి మాత్రం, నిమిషం ఆగాక, మళ్ళీ కాక్ చేసి, అంటే పిన్ స్ప్రింగ్‌ని బిగించి, అదే తూటా మీద రెండో దెబ్బ కొట్టొచ్చు. రెండో దెబ్బకి పేలిందా లేదా అన్నది రాసిపెట్టుకోండి. తర్వాత అంతా దానిమీదే ఆధారపడుతుంది.

మావాడి లెక్క ఇది. ఏడింటిలో నాలుగు రెండో దెబ్బకి పేలాయి. ఇంకో రెండు తూటాలు రెండు దెబ్బలకీ పేలలేదు. ఒకటి టప్పుమంది. మూడు లక్షణాలున్నాయంటే మూడు రోగాలు ఉండొచ్చని ఆ పొద్దున్నే అనిపించింది. "అంత దరిద్రమా మామయ్యా!" అన్నాడు. పాత తుపాకీతో అది మామూలే.

కొన్న తూటాలతో ఒక పరీక్ష

ఏదీ విప్పకముందు కంపెనీ తూటాల పెట్టె ఒకటి కొని అదే రైఫిల్‌లో కాల్చాలి. అవీ పేలకపోతే తప్పు తుపాకీది. అన్నీ పేలితే అనుమానం మనం తూటాలు నింపే బల్లమీదకి వస్తుంది. కాకపోతే తుపాకీకి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వకండి. నీరసించిన స్ప్రింగ్ మెత్తటి ప్రైమర్‌ని పేల్చి గట్టి ప్రైమర్ దగ్గర ఓడిపోవచ్చు. మావాడికి ఇరవైకి పంతొమ్మిది పేలాయి. ఆ ఒక్కదానితో తుపాకీ కూడా ముద్దాయిల జాబితాలో చేరింది.

సొట్ట చదవడం

పేలని తూటాల్ని తిరగేసి వరసగా నిలబెట్టి, పక్కనుంచి టార్చి వేసి ఫోటో తీయమన్నాను. పైనుంచి వెలుతురు పడితే ప్రైమర్ మీద పిన్ చేసిన సొట్ట లోతు తెలియదు, పక్కనుంచి పడితే నీడ చెబుతుంది. పక్కన బాగా పేలిన కేసు ఒకటి పెట్టాలి పోలికకి. అయితే పేలినదాని సొట్ట లోపలి ఒత్తిడికి కాస్త రూపు మారి ఉంటుందని గుర్తుంచుకోండి.

సొట్ట లోతుగా, నడిమధ్యన ఉండి పేలకపోతే తుపాకీ తన పని చేసింది, లోపం ప్రైమర్‌లోనో దాన్ని కూర్చోబెట్టడంలోనో ఉంది. సొట్ట పైపైన, గోరు గుచ్చినట్టు ఉంటే దెబ్బలో బలం లేదు, లేదా దెబ్బ తగిలేసరికి తూటా ముందుకి జారిపోయింది. పక్కకి పడిందంటే పిన్‌కీ, తూటా కూర్చునే ఛాంబర్‌కీ వరస కుదరలేదు, అది తుపాకీ మేస్త్రి పని. సొట్టే లేకపోతే పిన్ విరిగిందేమో చూసుకోండి.

నాలుగు తూటాలు: రెండో దెబ్బ రహస్యం

ప్రైమర్ అంటే చిన్న లోహపు గిన్నె. అందులో చిటికెడు మందు, దానిమీద రెండు మూడు కాళ్ళున్న చిన్న దాగలి. కమ్మరి సుత్తికీ దాగలికీ మధ్య ఇనుము నలిగినట్టే, పిన్‌కీ ఈ దాగలికీ మధ్య మందు నలిగి పేలుతుంది. దాగలి కాళ్ళు కేసులో ప్రైమర్ కూర్చునే గుంట అడుక్కి ఆనుకుని ఉంటేనే నలుగుతుంది. అవి గాల్లో ఉంటే మొదటి దెబ్బ బలమంతా ప్రైమర్‌ని లోపలికి తోయడానికే సరిపోతుంది. ఆ తోపుతో అది చక్కగా కూర్చుంటుంది, రెండో దెబ్బకి పేలుతుంది. రెండో దెబ్బకి పేలినవి నూటికి తొంభై పాళ్ళు ప్రైమర్ సరిగా కూర్చోని కేసులే అన్నది నా అనుభవం.

సరిగా కూర్చుంటే ప్రైమర్ కేసు అడుగుకంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి. వర్క్‌షాపు భాషలో మూడు నుంచి అయిదు థౌ. కొలవడానికి వెర్నియర్ వెనక ఉండే సన్నటి డెప్త్ కడ్డీ చాలు. అదీ లేకపోతే వంటింటి గ్రానైట్ గట్టు మీద అద్దం ముక్క పెట్టి, తూటాని నిటారుగా నిలబెట్టి, పైన వేలితో మెల్లగా తాకాలి. ఊగితే ప్రైమర్ బయటికి ఉబ్బి ఉంది. మావాడు మిగిలిన నింపిన తూటాలు ముప్ఫైని అలా నిలబెడితే ఎనిమిది ఊగాయి. ఆ ఎనిమిదీ తిరగేసి అడుగు చదవమన్నాను. ఎనిమిదింటి మీదా ఎల్‌సీ అన్న ముద్ర ఉంది. లేక్ సిటీ అనే సైన్యం ఫ్యాక్టరీ కేసులు.

సైన్యం కేసుల్లో ప్రైమర్ ఊడిపోకుండా చుట్టూ అంచుని నొక్కి బిగిస్తారు. పాత ప్రైమర్ తీశాక కూడా ఆ నొక్కుడు అంచు మిగిలే ఉంటుంది. దాన్ని రీమర్‌తో గీకి గానీ స్వేజ్ పనిముట్టుతో నొక్కి గానీ తీసేయకుండా కొత్త ప్రైమర్ పెడితే అది మధ్యలో పట్టేస్తుంది, చేతికి మాత్రం "కూర్చుంది" అన్న భ్రమ కలుగుతుంది. మావాడు పాతికో ముప్ఫయ్యో కేసులు రేంజిలో ఏరుకొచ్చి తన కేసుల్లో కలిపేశాడట. ఊరికే వచ్చిన ఇత్తడి! నాకైతే నవ్వొచ్చింది. మా అక్క కూడా పాత సామానుల వాడి దగ్గర గిన్నె ఊరికే వచ్చిందంటే వదలదు.

ఇదే లక్షణం ఇంకో రెండు కారణాలకీ వస్తుంది. గుంట అడుగున పాత మసి గట్టిపడి ఉంటే ప్రైమర్ దానిమీద కూర్చుంటుంది. ప్రతిసారీ గుంట గీకాలి, నిమిషం పని. రెండోది, పెద్ద పిస్టల్ ప్రైమర్ పొరపాటున వాడటం. పెద్ద రైఫిల్ ప్రైమర్‌కీ దానికీ వెడల్పు ఒకటే, ఎత్తు మాత్రం సుమారు 0.008 అంగుళం తక్కువ. గుంటలో మరీ లోతుకి పోతుంది. పైగా దాని గిన్నె పల్చన. .30-06 ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌన్ల దాకా పోతుంది, ఆ పల్చటి గిన్నె చిల్లుపడితే మండే వాయువు కంటి వైపు వస్తుంది. పెట్టెమీద పేరు చదవండి, ప్రైమర్ని అసలు పెట్టెలోంచి తీసి వేరే సీసాలో ఎప్పుడూ పోయకండి. ఒకచోట కుప్పగా ఉన్న ప్రైమర్లలో ఒకటి పేలితే అన్నీ పేలతాయి.

మందు, బుల్లెట్ పెట్టేసిన తూటాలో ప్రైమర్ని ఇంకాస్త లోపలికి నొక్కుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మావాడికీ వచ్చింది. ఆ పని చెయ్యకూడదు. బుల్లెట్ పుల్లర్‌తో బుల్లెట్ తీసి, మందు పారబోసి, ప్రైమర్ మాత్రమే ఉన్న ఖాళీ కేసుని రేంజిలో రైఫిల్‌లో పెట్టి పేల్చేయాలి. కళ్ళద్దాలు, చెవులకి రక్షణ అప్పుడూ తప్పవు.

రెండు తూటాలు: దెబ్బలో బలం ఏమైంది

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది. సొట్ట పైపైనే ఉంది. దీనికి నేను చూసే వరస ఒకటుంది, ఖర్చు లేనిదానితో మొదలుపెట్టి ఖర్చున్నదానికి వెళ్తాను.

మొదటిది మురికి. బోల్ట్ లోపల పిన్, స్ప్రింగ్ కదిలే గొట్టంలో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. యుద్ధకాలపు తుపాకీల్ని తుప్పు పట్టకుండా దట్టమైన గ్రీజులో ముంచి దాచేవారు. బయట ఎంత తుడిచినా బోల్ట్ లోపలది అలాగే ఉండిపోతుంది. మన ఊళ్ళో ఎండకి అది మెత్తగానే ఉంటుంది, మావాడు కాల్చేది చలిలో. లంబసింగిలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా తిరగేస్తే చుక్క రాదు చూడండి, అదే పని గ్రీజు స్ప్రింగ్‌కి చేస్తుంది.

ఎం1917 బోల్ట్ విప్పడం సులువే. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకోవాలి. కాక్ చేసిన స్థితిలో పిన్ వెనక ఉండే కాకింగ్ పీస్‌కీ, బోల్ట్ వెనక భాగమైన బోల్ట్ స్లీవ్‌కీ మధ్య వచ్చే సందులో చిన్న నాణెం దూరిస్తే అది వెనక్కే ఆగి ఉంటుంది. అప్పుడు బోల్ట్ బయటికి తీసి, ఆ వెనక భాగాన్ని స్క్రూలా తిప్పి విప్పితే పిన్, స్ప్రింగ్ కలిసి వస్తాయి. మావాడు వీడియో కాల్‌లో అది లాగినప్పుడు స్ప్రింగ్ చుట్ల మధ్య గోధుమ రంగు జిగురు కనిపించింది. బెల్లం పాకం ముదిరి పళ్ళెం అడుగున పట్టేస్తుందే, సరిగ్గా అలా. అగ్గిపుల్లతో గీకితే పెచ్చులుగా ఊడింది. కిరోసిన్ లాంటిదాంతో పిన్నూ స్ప్రింగూ కడగాలి, బోల్ట్ గొట్టం లోపల గుడ్డతో తుడవాలి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత పల్చటి నూనె వేలికి రాసుకుని తుడిచినంత చాలు. చలిలో కాల్చేవాళ్ళకి అదీ ఎక్కువే.

విప్పినప్పుడే పిన్ మొన చూడండి. గుండ్రంగా, నున్నగా ఉండాలి. చెక్కుకుపోయినా, గుంటలు పడినా మార్చేయాలి. స్ప్రింగ్‌ని కొత్తదాని పక్కన నిలబెడితే పొట్టిదైందో లేదో తెలుస్తుంది. వందేళ్ళ నాటి స్ప్రింగ్‌కి కొత్తది వేయడంలో నాకైతే రెండో ఆలోచన లేదు, తక్కువ ఖర్చు.

రెండోది, దారిలో బలం తినేసేవి. వేట తుపాకీగా మార్చినవాటిలో ఇవి ఎక్కువ. బోల్ట్ పిడి టెలిస్కోపుకో కర్రకో తగిలి పూర్తిగా కిందకి దిగదు. అప్పుడు పిన్ బలంలో కొంత బోల్ట్‌ని మూయడానికే ఖర్చయిపోతుంది. కర్ర తేమకి ఉబ్బి కాకింగ్ పీస్‌కి రాసుకున్నా ఇంతే. మన బీచ్‌రోడ్డు ఇళ్ళ తలుపులు వానాకాలం బిగుసుకుపోతాయి కదా, కర్ర ఏ దేశంలో అయినా కర్రే. పిడి కింద, కాకింగ్ పీస్ రెండు పక్కలా కొవ్వొత్తి మసి పట్టించి నాలుగుసార్లు ఖాళీగా ఆడించండి. మసి చెదిరినచోట రాపిడి ఉన్నట్టు. మావాడి తుపాకీలో ఆ గొడవ లేదు.

మూడోది హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్ ముందు ఛాంబర్‌లో తూటాకి ఉండే చోటు. చాలామంది దీన్ని చివరికి వదిలేసి ప్రైమర్ల బ్రాండ్లు మారుస్తూ కూర్చుంటారు. .30-06 కేసుకి అంచు లేదు కాబట్టి అది ఛాంబర్‌లో షోల్డర్ మీద, అంటే కేసు మెడ కింద వాలు మీద, ఆగుతుంది. పేల్చిన కేసుని మళ్ళీ సైజుకి తెచ్చే అచ్చు, అంటే డై, ఆ షోల్డర్‌ని అతిగా వెనక్కి నెడితే తూటా ఛాంబర్‌లో వదులుగా ఉంటుంది. పిన్ తగలగానే తూటా ముందుకి జారుతుంది. పరుపు మీద మేకు కొట్టినట్టు, దెబ్బ మెత్తగా పోతుంది.

డై పెట్టెలో కాగితం మీద రాసి ఉంటుంది, కేసుని పట్టుకునే షెల్‌హోల్డర్‌కి ఆనాక ఇంకో పావు చుట్టు దించమని. కొత్త తుపాకీకి అది నడుస్తుంది. యుద్ధంలో బురదలో కూడా పనిచేయాలని ఛాంబర్ వదులుగా కోసిన తుపాకీకి అది అతి అవుతుంది. పరీక్షకి సెల్లోటేప్ చాలు. మందు లేని, ప్రైమర్ లేని సైజు చేసిన ఖాళీ కేసు అడుగున టేప్ ముక్క అంటించి, అంచులు కత్తిరించి, ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ మెల్లగా మూయాలి. స్ప్రింగ్, పిన్ తీసేసిన బోల్ట్‌తో చేస్తే చేతికి బాగా తెలుస్తుంది. టేప్ పొర సుమారు రెండు థౌ. ఒక పొరకి బిగుతు తెలియాలి. మావాడి కేసుకి నాలుగో పొర దాకా బోల్ట్ హాయిగా మూసుకుంది. "ఎనిమిది థౌ ఖాళీ, మామయ్యా" అన్నాడు గొంతు తగ్గించి. అప్పుడు తెలిసింది వాడికి.

సరిచేయడం ఇలా. అదే రైఫిల్‌లో పేల్చిన కేసు తీసుకుని కొలిచి, డైని పైకి తిప్పి, కొద్దికొద్దిగా దించుకుంటూ, షోల్డర్ రెండు మూడు థౌ మాత్రమే వెనక్కి వెళ్ళేచోట లాక్ నట్ బిగించేయాలి. ఆ కేసులు ఇక ఆ ఒక్క రైఫిల్‌కే.

అతిగా సాగిన కేసులు మళ్ళీ వాడే ముందు ఒక పని ఉంది. పేపర్ క్లిప్ విప్పి, కొనని చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపల గోడ వెంట అడుగుదాకా లాగి చూడండి. అడుక్కి కాస్త పైన కొక్కెం గుంటలో పడ్డట్టు తగిలినా, బయట మెరిసే గీత చుట్టూ కనిపించినా ఆ కేసు రెండు ముక్కలవడానికి సిద్ధంగా ఉంది. సుత్తితో నలిపి పారేయాలి. ఎవరికీ ఇవ్వకూడదు. మావాడికి మూడు దొరికాయి.

కంపెనీ తూటాలతో కూడా టేప్ పరీక్షలో ఇంత ఖాళీ వస్తే అది డై తప్పు కాదు. హెడ్‌స్పేస్ కొలిచే గో, నో-గో గేజులున్న తుపాకీ మేస్త్రికి చూపించేదాకా కాల్చొద్దు.

ఆ ఒక్క టప్పు

చివరికి మిగిలినది టప్పుమన్న తూటా. బుల్లెట్ కేసులోనే ఉండిపోవడం వాడి పుణ్యం. పుల్లర్‌తో తీస్తే మందు కొంచెం పసుపురంగుకి తిరిగి, అడుగున ముద్దగా అంటుకుని ఉంది. ప్రైమర్ పేలింది, మంట పైకి రాలేదు. ఎందుకు?

ఇలాంటిచోట మామూలు అనుమానాలు మూడు. కేసులకి రాసే జిడ్డు లోపలికి పోయి మందుని పాడుచేయడం. కడిగిన కేసులు ఆరకుండానే నింపేయడం. పెద్ద కేసులో నెమ్మదిగా మండే మందు మరీ తక్కువ పోయడం. ఈ మూడోది చాలా ప్రమాదం. తక్కువ పోస్తే తక్కువ తన్ను, పేలడం మాత్రం ఖాయం అనుకుంటారు. నెమ్మది మందు కొలతల పుస్తకంలో ఇచ్చిన కనీసం కంటే తగ్గితే ఎలా అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు. పుస్తకంలో కనీసం ఎంతంటే అంతే. గుండ్రటి గింజల్లా ఉండే బాల్ పౌడర్ అంటుకోవడానికి కాస్త మొండి, చలిలో మరీను. అలాంటిదానికి పుస్తకం ఎక్కువ వేడినిచ్చే మ్యాగ్నమ్ ప్రైమర్ చెబితే అది వాడాలి. కానీ ప్రైమర్ మార్చిన ప్రతిసారీ మందు మొదటి కొలతకి దించి, మళ్ళీ మెట్టుమెట్టుగా పెంచుకు రావాలి. వేడి ప్రైమర్ ఒత్తిడి కూడా పెంచుతుంది.

మావాడి మందు కొలత సరిగానే ఉంది. కేసు లోపల జిడ్డు లేదు. "కేసు ఎలా కడిగావురా?" అంటే, స్టీలు పిన్నులేసి నీళ్ళలో తిప్పే డ్రమ్ము అన్నాడు. "లోపలికి టార్చి వేసి, ప్రైమర్ మంట మందుకి చేరే అడుగు చిల్లు చూడు." కేసు నోట్లోకి టార్చి వేసి కెమెరాకి చూపించాడు. గుండ్రంగా కనపడాల్సిన చిల్లు సన్నటి రెండు నెలవంకల్లా కనిపించింది. రెండు స్టీలు పిన్నులు జంటగా ఇరుక్కుని ఉన్నాయి. ఆ చిల్లు మామూలుగా 0.080 అంగుళం ఉంటుంది, అంటే రెండు మిల్లీమీటర్లు. ఒక పిన్ను అయితే జారిపోయేది, రెండు కలిసి వస్తే ఒకదానికొకటి బిరడా.

అప్పటినుంచి వాడు ప్రతి కేసునీ కడిగాక ఒక్కొక్కటే దీపానికి అడ్డం పెట్టి చూస్తాడు. తర్వాత ఓవెన్‌లో తక్కువ వేడిమీద గంటసేపు ఆరబెడతాడు. మా కోడలికి ఆ ఓవెన్ విషయంలో అభ్యంతరం ఉంది, అది వాళ్ళిద్దరి మధ్య.

అక్టోబర్‌లో, సున్నాకి కాస్త కింద ఉన్న పొద్దున, కొత్త స్ప్రింగ్‌తో, పైకి తిప్పిన డైతో, ఎల్‌సీ కేసులు తీసేసి ఇరవై నింపుకెళ్ళాడు. వైజాగ్‌లో రాత్రి భోజనాలయ్యాక ఫోటో వచ్చింది. ఇరవై ఖాళీ కేసులు కారు బానెట్ మీద తలకిందులుగా, టార్చి పక్కనుంచి వేసి. ఎక్కడా తేడా లేదు. ఒక్క కేసు మీద మాత్రం మార్కర్‌తో సున్నా చుట్టి, "దీని సొట్ట ఒక వెంట్రుకవాసి పక్కకుంది మామయ్యా" అని రాశాడు.